బండి వయసు

సంతలో ఎద్దును కొనేవాడు మొదట దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళ కోడె అయితే ఇంకా పని నేర్పాలి. ఎనిమిది పళ్ళు వచ్చినదైతే నిండు వయసులో ఉన్నదని అర్థం. పళ్ళు అరిగిన ఎద్దుకు ధర పలకదు. అందుకే సేద్యం తెలిసిన ఇంటివారు ఎద్దు పూర్తిగా ఉడిగిపోయేదాకా ఆగేవారు కారు. సత్తువ ఉండగానే సంతకు తోలుకుపోయి అమ్మి, వచ్చిన డబ్బుకు కొంత చేర్చి కోడెల జతను తెచ్చుకొనేవారు. కాగితం మీద ఎవరూ లెక్క వేయలేదు. అయినా లెక్క ఉండేది.

ఎడ్లబండి నిలిచిన చావడి ముందు ఈనాడు మోటారు బండి నిలుస్తున్నది. దీనికి చూడడానికి పళ్ళు లేవు. రంగు వేయిస్తే పాతది కొత్తదానిలా కనిపిస్తుంది. ఆర్.సి. పుస్తకంలో తయారైన సంవత్సరం ఉంటుంది గాని, ఇంకా ఎన్నేళ్ళు ఉంచుకోవడం లాభమో అందులో రాసి ఉండదు. దానిని యజమానే లెక్క వేసి తెలుసుకోవాలి.

బండికి ఎంత ఖర్చవుతున్నదని అడిగితే చాలామంది డీజిలు లెక్క చెబుతారు. బంకు దగ్గర జేబులోనుండి డబ్బు తీసి ఇస్తారు కనుక ఆ ఖర్చు కంటికి కనిపిస్తుంది. మెకానిక్కు ఇచ్చింది కొద్ది రోజులు గుర్తుంటుంది. ఏడాదికి ఒకసారి కట్టే బీమా కట్టిన రోజున మాత్రం బాధ పెడుతుంది. వీటన్నిటికంటె పెద్ద ఖర్చు ఒకటి ఉన్నది. దానిని ఎవరికీ చేతితో ఇవ్వరు. రసీదు కూడా ఉండదు. అయిదు లక్షలు పెట్టి కొన్న బండిని ఏడాది తిప్పి అమ్మబోతే నాలుగు లక్షలకే అడుగుతారు. మిగిలిన లక్షను ఎవరూ దొంగిలించలేదు. బండి ఇంటి ముందు నిలిచి ఉన్నప్పుడు కూడా ఆ లక్ష రోజుకు కొంతగా కరిగిపోయింది. దీనినే తరుగుదల అంటారు.

తరుగుదల ఏటా ఒకే తీరుగా ఉండదు. మొదట వేగంగాను, పోను పోను నెమ్మదిగాను సాగుతుంది. బీమా కోసం బండికి వెలకట్టడానికి మన దేశంలో వాడుతూ వచ్చిన పట్టికను చూసినా ఇది తెలుస్తుంది. ఆ పట్టిక ప్రకారం కంపెనీ ప్రకటించిన ధరలో ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపు దానికి 15 శాతం తగ్గిస్తారు. రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం తగ్గిస్తారు. అయిదేళ్ళు దాటిన బండి విలువను యజమాని, బీమా కంపెనీ మాట్లాడుకొని నిర్ణయించుకోవాలి. ఇది బీమా వెల మాత్రమే. బ్రోకరు చెప్పే ధర దీనికంటె ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఉండవచ్చు.

రిపేరు ఖర్చు తీరు దీనికి ఎదురు. కొత్తలో ఆయిలు మార్చి, గ్రీసు పెడితే చాలు. తరువాత టైర్లు, బ్యాటరీ, క్లచ్చి, బ్రేకులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంకొన్నేళ్ళకు ఇంజనే విప్పవలసి వస్తుంది. ఒక ఖర్చు ఏటేటా దిగుతుంటే, ఇంకొకటి ఏటేటా ఎక్కుతున్నది. ఈ రెంటినీ కలిపి చూస్తేనే బండి అసలు వయసు తెలుస్తుంది.

తమిళనాడులోని హోసూరు ప్రాంతంలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ నేలలో టమాట, బీన్సు, క్యాబేజీ, గులాబీ బాగా పండుతాయి. బాగలూరు వైపు ఒక ఊరిలో అటువంటి కుటుంబం ఒకటి ఉన్నదనుకోవాలి. అన్నదమ్ములు ఇద్దరూ కలిసి సేద్యం చేస్తారు. కాయగూరలను మండీకి చేర్చడానికి వారికి ఒక చిన్న లోడు బండి ఉన్నది. దానిని కొని ఆరేళ్ళు నిండాయి. ఇప్పుడు గేరుపెట్టె మొరాయిస్తున్నది.

"ఇంక దీన్ని అమ్మేద్దాం అన్నా. టౌనులో వాళ్ళు మూడేండ్లకు ఒకసారి బండి మారుస్తారు. మనం ఆరేండ్లు ఈడ్చినాం" అన్నాడు తమ్ముడు.

అన్న ఒప్పుకోలేదు. "నడిచే బండిని ఎవడైనా అమ్ముకొంటాడా? ఇంజనుకు 32 వేలు పోసి ఆరు నెలలు కాలేదు. ఇప్పుడు అమ్మితే ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే గదా!"

అన్న కూతురు పదో తరగతి చదువుతున్నది. తండ్రికి ఒక మంచి అలవాటు ఉన్నది. బండికి పెట్టిన ప్రతి రూపాయినీ చిన్న డైరీలో రాసి పెడతాడు. ఆమె ఆ డైరీని ముందు పెట్టుకొన్నది. పాత బండ్లు అమ్మే బ్రోకరును అడిగి, ఏయే వయసు బండి ఎంతకు పోతుందో చిన్నాయన చేత తెప్పించింది. షెడ్డులో మెకానిక్కు చెప్పిన దానిని బట్టి రాబోయే రెండేళ్ళ రిపేరునూ అంచనా కట్టింది. అన్నిటినీ ఒక పట్టికగా రాసింది. బండి కొన్న ధర 5,00,000 రూపాయలు. పట్టికలోని అంకెలు లెక్క నేర్చుకొనడానికి తీసుకొన్నవే. బండిని బట్టి, ఊరిని బట్టి అవి మారుతాయి.

| ఏడాది | ఏడాది చివర అమ్మితే వచ్చేది (రూ.) | ఆ ఏడు తరుగుదల (రూ.) | ఆ ఏడు రిపేరు (రూ.) | ఆ ఏటి ఖర్చు (రూ.) | అప్పటిదాకా ఏటి సగటు (రూ.) |
|---|---|---|---|---|---|
| 1 | 4,00,000 | 1,00,000 | 15,000 | 1,15,000 | 1,15,000 |
| 2 | 3,30,000 | 70,000 | 20,000 | 90,000 | 1,02,500 |
| 3 | 2,75,000 | 55,000 | 28,000 | 83,000 | 96,000 |
| 4 | 2,30,000 | 45,000 | 36,000 | 81,000 | 92,250 |
| 5 | 1,95,000 | 35,000 | 45,000 | 80,000 | 89,800 |
| 6 | 1,65,000 | 30,000 | 58,000 | 88,000 | 89,500 |
| 7 | 1,40,000 | 25,000 | 75,000 | 1,00,000 | 91,000 |
| 8 | 1,20,000 | 20,000 | 95,000 | 1,15,000 | 94,000 |

చివరి గడిని ఇలా కట్టాలి. ఆ ఏడాది దాకా అయిన ఏటి ఖర్చులన్నిటినీ కూడి, ఎన్నేళ్ళు గడిచాయో ఆ సంఖ్యతో భాగించాలి. మూడేళ్ళకు 1,15,000, 90,000, 83,000 కలిపితే 2,88,000. దానిని 3 చేత భాగిస్తే 96,000.

సగటు ఏ తీరుగా నడిచిందో గమనించాలి. ఆరో ఏడు దాకా దిగింది. ఏడో ఏట మళ్ళీ ఎక్కింది. క్రికెట్ ఆటగాడి సగటు కూడా ఇంతే. తన సగటు కంటె తక్కువ పరుగులకు అవుటయితే సగటు పడుతుంది, ఎక్కువ కొడితే పెరుగుతుంది. బండి విషయంలో సగటు పడడమే మేలు. రాబోయే ఏటి ఖర్చు ఇప్పటి సగటు కంటె తక్కువగా ఉన్నంత కాలం బండిని ఉంచుకోవచ్చు. అది సగటును దాటబోతున్నదంటే అమ్మకానికి వేళ అయినట్టే. ఆరో ఏటి చివర సగటు 89,500. ఏడో ఏటికి కాబోయేది 1,00,000.

మూడేళ్ళకు ఒకసారి మార్చాలన్న తమ్ముడి మాట ఈ పట్టిక ముందు నిలవదు. మూడేళ్ళకే మార్చేవాడు ఏటా 96,000 భరిస్తాడు. ఆరేళ్ళు ఉంచేవాడు 89,500తో సరిపెట్టుకొంటాడు. ఏటా 6,500 రూపాయల తేడా. టౌనులో కారు మార్చేవారు కొంత ముచ్చట కోసం మారుస్తారు. ముచ్చటకు ధర ఉంటుంది, దానిని కట్టగలిగినవారు కట్టుకొంటారు.

అన్న చెప్పిన ఇంజను ఖర్చు మాటకు కూతురే జవాబు చెప్పింది. "ఆ 32 వేలు అమ్మినా తిరిగి రావు, అమ్మకపోయినా తిరిగి రావు నాయనా. అయిపోయిన దానిని ఈ లెక్కలోకి తేకూడదు." ఇది తేలికగా మింగుడు పడే మాట కాదు. పెట్టిన డబ్బు మీద మమకారం అందరికీ ఉంటుంది. ఆ మమకారంతోనే చాలామంది పాడు బండికి మళ్ళీ మళ్ళీ డబ్బు పోస్తుంటారు. అయితే ఇంజను చేయించినందువల్ల రాబోయే ఏట రిపేరు తగ్గేట్టయితే, ఆ తగ్గింపును మాత్రం లెక్కలో చేర్చాలి. ఆమె చేర్చింది కూడా. మెకానిక్కు ఏడో ఏటికి చెప్పిన 75,000లో ఇంజను పని లేదు. గేరుపెట్టె, నాలుగు టైర్లు, ముందు వైపు స్ప్రింగు పట్టీలు, చిల్లర పనులు ఉన్నాయి.

పట్టికలో ఇంకొక సంగతి ఉన్నది. నాలుగో ఏడు నుండి ఏడో ఏడు దాకా సగటులో పెద్ద తేడా లేదు. 92,250, 89,800, 89,500, 91,000. గిన్నె అడుగులాగా అక్కడ లెక్క చదునుగా ఉన్నది. ఫలానా నెలలోనే అమ్మాలని నిద్ర మానుకోనక్కరలేదు. నష్టమంతా గిన్నె అంచుల దగ్గర ఉన్నది. రెండేళ్ళకే అమ్మేవాడికీ నష్టమే, బండి రోడ్డు మీద చచ్చేదాకా ఉంచేవాడికీ నష్టమే.

ఇంతవరకు లెక్క తమ్ముడి వైపే మొగ్గినట్టు కనిపిస్తుంది. ఇప్పుడే అమ్మాలి గదా అనిపిస్తుంది. కాని పట్టికలో వడ్డీ లేదు. పాత బండిని అమ్మితే వచ్చే 1,65,000కు ఇంట్లో ఉన్న 35,000 చేర్చితే 2,00,000 అవుతుంది. కొత్త బండికి ఇంకా 3,00,000 అప్పు తేవాలి. ఫైనాన్సు వారు 10 శాతం "ఫ్లాట్" వడ్డీకి నాలుగేళ్ళ గడువు ఇస్తామన్నారు. అంటే ఏటా 30,000 చొప్పున నాలుగేళ్ళకు 1,20,000 వడ్డీ. అసలు, వడ్డీ కలిసి 4,20,000. నెలకు 8,750 రూపాయల డ్యూ.

ఈ ఫ్లాట్ వడ్డీని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. నెలనెలా అసలు కొంత తీరుతూనే ఉంటుంది. అయినా చివరి నెల దాకా మొత్తం 3,00,000 మీదనే వడ్డీ కడతారు. నిజంగా చేతిలో మిగిలిన అప్పు మీద లెక్క కడితే ఈ 10 శాతం ఏడాదికి 17 శాతం దాటుతుంది. తగ్గుతున్న అసలు మీద వడ్డీ కట్టే బ్యాంకు 12 శాతం అన్నా, ఫైనాన్సు వారి 10 శాతం కంటె అది చవక. సంతకం పెట్టే ముందు వడ్డీ దేని మీద కడుతున్నారని అడగడం ప్రతి ఒక్కరి హక్కు.

వడ్డీ 1,20,000ను బండి ఉండబోయే ఆరేళ్ళకు పంచితే ఏటా 20,000. కొత్త బండి ఏటి సగటు అప్పుడు 89,500 కాదు, 1,09,500 అవుతుంది. పాత బండికి ఏడో ఏట కాబోయేది 1,00,000. కాబట్టి ఇంకొక ఏడు ఉంచుకోవడమే మేలు. ఎనిమిదో ఏట అది 1,15,000 అవుతుంది, అప్పుడు మేలు కాదు. అన్నదమ్ముల వాదంలో గెలుపు ఈ విధంగా అన్నకు వచ్చింది గాని, అతడు చెప్పిన కారణం వల్ల రాలేదు. కొత్త బండికైతే ఆ ఏడాది డ్యూలు 1,05,000, రిపేరు 15,000 కలిసి 1,20,000 చేతినుండి పోయేవి. పాత బండి రిపేరుకు 75,000 పోగా 45,000 మిగులుతుంది. ఆ డబ్బును వేరే ఖర్చులకు తీయకుండా పోస్టాఫీసులో వేస్తే, మరుసటి ఏట అప్పు ఆమేరకు తగ్గుతుంది. తీసేస్తే లెక్క అంతా తారుమారే.

కిలోమీటరు ఖర్చును కూడా ఈ అంకెల నుండే తీయవచ్చు. బండి ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆరేళ్ళ సగటు 89,500కు ఏడాది బీమా, పన్ను, ఎఫ్.సి. కింద 36,000 కలిపితే 1,25,500. దానిని 20,000 చేత భాగిస్తే కిలోమీటరుకు 6 రూపాయల 28 పైసలు. లీటరు డీజిలు 90 రూపాయలుగాను, లీటరుకు 18 కిలోమీటర్లుగాను తీసుకొంటే డీజిలుకు 5 రూపాయలు. మొత్తం 11 రూపాయల 28 పైసలు. ఇందులో బండి తోలినవాడి కూలి లేదు.

పక్క పొలం వారి సరుకును మండీకి చేర్చి వస్తే రానూపోనూ 50 కిలోమీటర్లు. వారు 300 రూపాయలు ఇస్తున్నారు. డీజిలుకు 250 పోగా 50 మిగిలిందని అన్నదమ్ములు అనుకొంటూ వచ్చారు. పూర్తి లెక్క వేస్తే ఆ ప్రయాణానికి 564 రూపాయలు అవుతుంది. అయితే ఇక్కడ తొందరపడకూడదు. ఎప్పుడో ఒకనాడు ఖాళీగా ఉన్న బండిని పంపితే బీమా పెరగదు, పన్ను పెరగదు. అదనంగా అయ్యేది డీజిలు, కొంత టైరు, ఆయిలు అరుగుదల మాత్రమే. ఇరుగుపొరుగు సాయానికి 300 తీసుకోవచ్చు. అదే ప్రయాణం రోజూ ఉంటే మాట వేరు. అప్పుడు బండి ఆయుష్షే ఆ సరుకు కింద అరుగుతుంది. పూర్తి బాడుగ అడగకపోతే ఆరేళ్ళకు రావలసిన ముసలితనం నాలుగేళ్ళకే వస్తుంది.

అంకెలకు లొంగనివి కొన్ని ఉన్నాయి. మండీలో టమాటకు ధర తెల్లవారుజామున పలుకుతుంది. దారిలో బండి ఆగి, మెకానిక్కు వచ్చేసరికి ఎండెక్కితే ఆ రోజు సరుకు అడిగిన ధరకు ఇవ్వవలసిందే. రిపేరు బిల్లులో ఈ నష్టం కనిపించదు. అందుకే డైరీలో బండి ఆగిన రోజులను కూడా రాయాలి. ఎఫ్.సి. గడువును కూడా చూసుకోవాలి. సరుకు బండికి ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకు ఒకసారి, ఆ తరువాత ఏటేటా ఎఫ్.సి. చేయించాలని 2018లో నియమం వచ్చింది. ఎఫ్.సి.కి ముందు పాచి పనులు, రంగు, కొత్త లైట్లు అంటూ ఖర్చు తప్పదు. ఆ ఖర్చు పెట్టిన మరునాడు అమ్మడం కంటె, అమ్మదలచుకొంటే గడువు ఇంకా కొంత ఉండగానే అమ్మడం తెలివి. బీమాలో క్లెయిము లేని ఏళ్ళకు ఇచ్చే తగ్గింపు సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం మొదలుకొని 50 శాతం దాకా ఉంటుంది. ఆ తగ్గింపు యజమానిది, బండిది కాదు. బండిని అమ్మినా దానిని కొత్త బండికి మార్పించుకోవచ్చు. ఈ సంగతి తెలియక వదులుకొన్నవారు ఊరికి నలుగురైదుగురు ఉంటారు.

అమ్మడం అంటే డబ్బు తీసుకొని తాళం చెవి ఇవ్వడం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్.సి.లో ఎవరి పేరు ఉన్నదో వారే యజమాని. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజులలోపు, కొన్నవారు 30 రోజులలోపు ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలియజేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. బండి మీద ఫైనాన్సు ఉంటే అప్పు తీరినట్టు ఫారం 35 తీసుకొని ఆర్.సి.లోని అప్పు నమోదును ముందు కొట్టివేయించాలి. హోసూరుకు కర్ణాటక సరిహద్దు దగ్గరే కనుక, కొనేవారు అనేకల్లు వైపువారో బెంగళూరువారో కావచ్చు. అప్పుడు ఫారం 28 పెట్టి ఇక్కడి ఆఫీసు నుండి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచే బండికి అక్కడి కొత్త నంబరు తప్పనిసరి.

ఇవన్నీ బ్రోకరు చూసుకొంటాడని సంతకం చేసిన ఖాళీ ఫారాలను అతని చేతిలో పెట్టేవారు ఎందరో ఉన్నారు. ఆ బండి ఒకరి నుండి ఒకరికి చేతులు మారుతుంది, ఆర్.సి.లో పేరు మాత్రం మారదు. అటువంటి బండి ప్రమాదం చేసిన ఒక కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండి ఎవరి చేతిలో ఉన్నా, ఎన్ని చేతులు మారినా, పరిహారం కట్టవలసిన బాధ్యత ఆర్.సి.లో పేరున్న యజమానిదేనని ఆ తీర్పు సారాంశం. ఏనాడో అమ్మేసిన బండికి, ముఖమైనా చూడని మనిషి చేసిన ప్రమాదానికి, పొలం అమ్మి పరిహారం కట్టవలసి రావచ్చు. కాబట్టి కొన్నవారి పేరున వచ్చిన ఆర్.సి. నకలును, అప్పగించిన తేదీ, వేళ రాసి ఇద్దరూ సంతకం చేసిన రసీదును అమ్మినవారు భద్రపరచుకోవాలి. ఆ అమ్మాయి రెండింటికీ డైరీ వెనుక అట్టలో ఇప్పుడే ఒక సంచి కుట్టి పెట్టింది.

పదాలు – అర్థాలు

ఉడిగిపోవు = శక్తి తగ్గిపోవు
సత్తువ = బలం
తరుగుదల = వాడకం వల్ల, కాలం గడవడం వల్ల వస్తువు విలువ తగ్గడం
డ్యూ = అప్పుకు నెలనెలా కట్టే వాయిదా
మమకారం = నాది అనే ప్రేమ
బాడుగ = కిరాయి

ప్రశ్నలు

1. "ఆ 32 వేలు అమ్మినా తిరిగి రావు, అమ్మకపోయినా తిరిగి రావు నాయనా." ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు? ఈ మాట మీ ఇంట్లో ఇంకే వస్తువుకు వర్తిస్తుందో రాయండి.

2. వడ్డీని లెక్కలో చేర్చగానే అమ్మవలసిన ఏడాది ఎందుకు మారింది?

3. ఒక మోటారు సైకిలు ధర 80,000 రూపాయలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు ఏళ్ళ చివర అమ్మితే వరుసగా 60,000, 50,000, 42,000, 36,000 రూపాయలు వస్తాయి. ఆయా ఏళ్ళ రిపేరు ఖర్చు 3,000, 5,000, 8,000, 14,000 రూపాయలు. పాఠంలోని పట్టిక వంటిది తయారుచేసి, ఏ ఏడాది చివర సగటు అన్నిటికంటె తక్కువగా ఉన్నదో కనుక్కోండి.

4. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న బండికి ఒక నెలలో అయిన ఖర్చులను రోజువారీగా రాయండి. బండి పని చేయక నిలిచిన రోజులను వేరుగా గుర్తించండి.